అమ్మకి మోకాలి మార్పిడి ఆపరేషన్. లోపల చీము పట్టకుండా మేం ముందే చేయగలిగింది ఏముంది?

వంశధార గట్టు

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగరం. ఇంట్లో తెలుగు, బజార్లో సగం తెలుగు, సగం ఒడియా. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా అమ్మకి 66 ఏళ్ళు. ఓపిక ఉన్నన్నాళ్ళూ పొలంలో పని చేసింది. ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, కుడి కాలు మరీ ఎక్కువ. మూడేళ్ళుగా పెరట్లో బాత్రూమ్ దాకా వెళ్ళాలన్నా గోడ పట్టుకునే నడుస్తోంది. విశాఖపట్నంలో చూపిస్తే కుడి మోకాలు మార్చాలన్నారు. వచ్చే నెల మొదటి వారంలో రమ్మన్నారు. అమ్మకి పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది.

ఆపరేషన్ అంటే నాకు అంత భయం లేదు. టెన్షన్ అంతా ఆ తర్వాత చీము పడుతుందేమో అనే. మా ఇంట్లో ఒకసారి చూశాం. 2016లో మా చిన్నాన్న పర్లాకిమిడి నుంచి వస్తూ బండి మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగితే లోపల రాడ్ వేశారు. రెండు నెలలు తిరక్కుండా కుట్ల పక్కన శనగ గింజంత రంధ్రం పడి చీము కారడం మొదలైంది. మందులు వాడితే నాలుగు రోజులు ఆగేది, మానితే మళ్ళీ కారేది. పిన్ని రోజుకి రెండు సార్లు గుడ్డలు ఉడకబెట్టేది. చివరికి రాడ్ తీసేశాకే తగ్గింది. అప్పటికి ఏడాదిన్నర గడిచిపోయింది, కాలు పొట్టిదైపోయింది. "మరిది గారిలా అవ్వాల్సొస్తే నన్నిలాగే ఉండనీ" అంటోంది అమ్మ.

చుట్టుపక్కల వాళ్ళు తలో మాట చెప్తున్నారు. డబ్బు ఎక్కువైనా సూక్ష్మజీవులు పట్టకుండా కోటింగ్ (పూత) ఉన్న మోకాలు వేయించమని ఒకరు. ఇంటికొచ్చాక నెల రోజులు యాంటీబయోటిక్ ఆపొద్దని ఇంకొకరు. మా వీధి ఆర్‌ఎంపీ గారేమో బయల్దేరే ముందు రోజే కాలి మీద వెంట్రుకలు బ్లేడుతో తీయించేస్తే ఆసుపత్రిలో పని తగ్గుతుందన్నారు.

నాకు రెండు విషయాలు కావాలి. ఒకటి, రాడ్ తీస్తే తప్ప చిన్నాన్నకి ఎందుకు తగ్గలేదు? అన్ని మందులు వాడినా ఎందుకు పని చేయలేదు? అది అర్థమైతే అమ్మకి సర్దిచెప్పగలను. రెండోది, ఆసుపత్రి వాళ్ళ పని వాళ్ళు చేస్తారు సరే, మా వైపు నుంచి చేయాల్సింది ఏముంది? అనుభవం ఉన్నవాళ్ళు, ఈ రంగంలో ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

నాగావళి పెద్దాయన

అమ్మా, నాది రాయగడ. పేపరు మిల్లులో పని చేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను. నాకు 2019లో ఎడమ మోకాలు మార్చారు. నాకు జరిగింది మీ అమ్మగారికి జరగకూడదని రాస్తున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఐదో రోజు ఇంటికి పంపారు. రైల్లో పార్వతీపురం దాటేదాకా మా ఆవిడతో కబుర్లు చెప్తూనే వచ్చాను. ఎనిమిదో రోజు పొద్దున కట్టు తడిగా కనిపించింది. చీము కాదు, వాసన లేదు, జ్వరం లేదు. పలచటి పసుపు రంగు నీరు, అంతే. చెమటేమో అనుకున్నాం. మర్నాడు కూడా తడే. ఆసుపత్రి నంబరు చీటీ మీద ఉంది, ఫోన్ చేయొచ్చు. ఇంత చిన్నదానికి ఎందుకులే అని మా వీధి ఆయన్ని పిలిపించాను. ఐదు రోజులు సూదులు వేశారు, మాత్రలిచ్చారు. ఆరింది. వారానికి మళ్ళీ తడి. మళ్ళీ మాత్రలు. ఇలా మొత్తం ఐదు వారాలు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఒక రాత్రి చలిజ్వరం వచ్చింది, మోకాలు కుండలా వాచింది.

అప్పుడు పరుగెత్తాం. డాక్టరు గారు మోకాలి లోంచి సూదితో నీరు తీసి పరీక్షకి పంపారు. ఏమీ పెరగలేదని వచ్చింది. అన్ని రోజులు యాంటీబయోటిక్ మింగి ఉన్నాను కదా, లోపల సూక్ష్మజీవులు ఉన్నా పరీక్షలో బయటపడలేదు. రెండు వారాలు మందులన్నీ ఆపించి మళ్ళీ తీస్తే అప్పుడు దొరికింది. ఆ రోజు డాక్టరు గారు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కట్టు తడిసిన మొదటి వారంలోనే వచ్చి ఉంటే తెరిచి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఒక్కటీ మార్చి, మిగతాది కాపాడే అవకాశం ఉండేది. ఇప్పుడు మొత్తం తీయాలి" అన్నారు.

మొత్తం తీశారు. ఆ ఖాళీలో యాంటీబయోటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. ఆరు వారాలు మందులు ఎక్కించారు. మొత్తం మూడు నెలలు నేను మంచానికీ వాకర్‌కీ మధ్యే బతికాను. తర్వాత కొత్త మోకాలు వేశారు. దేవుడి దయ, ఇప్పుడు చేతికర్రతో మజ్జిగౌరమ్మ గుడి దాకా వెళ్ళి వస్తున్నాను. కాలు పూర్తిగా మడవడం రాదు.

నేను చెప్పేది ఒక్కటే. కుట్లు వేసిన చోట ఐదారు రోజుల తర్వాత కూడా తడి కనిపిస్తే అది చిన్న విషయం కాదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించాలి. ఆయన చూసేదాకా ఒక్క యాంటీబయోటిక్ మాత్ర కూడా ఊళ్ళో ఎవరి దగ్గరా వేయించుకోకూడదు. మా వీధి ఆయన మంచివాడే, నా మేలు కోరే ఇచ్చాడు. కానీ ఆ మాత్రలు పైన ఆరబెట్టి లోపల దాచాయి. తిరిగి వెళ్ళడానికి బండి, డబ్బు ముందే సిద్ధంగా పెట్టుకో అమ్మా. నాకు అక్కడే ఆలస్యమైంది.

మహేంద్రతనయ

అక్కా, నాది పర్లాకిమిడి. ఇప్పుడు ఊరికి దూరంగా ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. లోహం మీద, ప్లాస్టిక్ మీద బ్యాక్టీరియా ఎలా అంటుకుంటుంది, ఎలా అంటుకోకుండా చేయాలి అన్నదే నా పని. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి వాడిని, వాడుక మాటల్లోనే చెప్తాను.

మీ మొదటి ప్రశ్నకి మన భాషలో మంచి మాట ఉంది. పాచి. రేవులో నానిన రాయి మీద కాలు పెడితే జారుతుంది చూడండి, ఆ జిగురు. పొద్దున లేవగానే పళ్ళకి పట్టి ఉండేది కూడా అదే. నీళ్ళు పుక్కిలిస్తే పళ్ళ పాచి పోదు, తోముకోవాల్సిందే. రాడ్ మీద జరిగింది ఇదే. ముందు కొన్ని సూక్ష్మజీవులు లోహానికి అంటుకుంటాయి. కొన్ని గంటల్లో పట్టు బిగిస్తాయి. తర్వాత చుట్టూ ఒక జిగురు పదార్థం తయారుచేసుకుని దాంట్లో గుంపుగా కాపురం పెడతాయి. మా వాళ్ళు దీన్ని బయోఫిల్మ్ అంటారు. బ్యాక్టీరియా ఒంటరిగా ఈదుతూ ఉండేదానికన్నా ఇలా ఏదో ఒకదానికి అంటుకుని బతకడమే ఎక్కువని 1978లో కాస్టర్టన్, ఆయన సహచరులు రాసిన తర్వాతే శాస్త్రవేత్తలు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు.

ఆ పాచి అడుగున ఉన్న సూక్ష్మజీవులకి తిండి, గాలి సరిగా అందవు. అవి పెరగడం దాదాపు ఆపేసి నిద్రలో ఉన్నట్టు ఉంటాయి. చాలా యాంటీబయోటిక్‌లు పెరుగుతున్న సూక్ష్మజీవుల మీదే బాగా పని చేస్తాయి. అందుకే పాచిలో ఉన్నవి మామూలు మోతాదుకి వెయ్యి రెట్ల దాకా తట్టుకోగలవు. మీ చిన్నాన్న గారికి మందు వేసినప్పుడల్లా పాచి లోంచి ఊడి బయట తిరుగుతున్నవి చచ్చేవి, చీము ఆగేది. మందు మానగానే రాడ్ మీద ఉన్నవి మళ్ళీ బయల్దేరేవి. మందు నకిలీది కాదు, ఆయన పథ్యం తప్పలేదు. మందు చేరాల్సిన చోట దాని బలం చాలలేదు. రాడ్‌తో పాటు పాచి కూడా బయటికి వచ్చేసింది కాబట్టే తగ్గింది. పెద్దాయనకి మొదటి వారంలో వస్తే కాపాడేవాళ్ళం అని డాక్టరు ఎందుకన్నారో కూడా ఇక్కడే తెలుస్తుంది. పాచి ముదరక ముందు కడిగితే పోయే అవకాశం ఉంది. ముదిరాక లేదు.

1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ళ చర్మంలోకి స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవిని ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టాలంటే లక్షల్లో ఎక్కించాల్సి వచ్చింది. అక్కడ ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలు చాలాయి. ఒక్క దారప్పోగుకే అంత తేడా వచ్చింది. మోకాలి ఇంప్లాంట్ అయితే అరచేతి నిండా పట్టే లోహం. మామూలుగా మనకి ఏ హానీ చేయకుండా చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ కూడా దాని మీద పాగా వేయగలదు.

1987లో గ్రిస్టినా అనే ఎముకల సర్జన్ దీన్ని ఒక పరుగు పందెంతో పోల్చాడు. లోపల పెట్టిన వస్తువు మీదికి ముందు మన శరీర కణాలు చేరితే అవి దాన్ని కప్పేసుకుంటాయి, సూక్ష్మజీవికి చోటు దొరకదు. సూక్ష్మజీవి ముందు చేరితే మన కణాలు ఓడిపోతాయి. ఆపరేషన్ గది, దాని తర్వాత కొన్ని రోజులు, పందెం ఎక్కువగా అక్కడే తేలుతుంది.

ఇక కోటింగ్ సంగతి. నేను చేసే పనే ఇది, దీని మీద నాకు ఎంతో ఆశ ఉంది. తూనీగ రెక్క మీద కంటికి కనపడని సన్నటి ముళ్ళ లాంటివి ఉంటాయి. వాటి మీద వాలిన బ్యాక్టీరియా పొర చిరిగి చచ్చిపోతుందని 2013లో ఆస్ట్రేలియాలో ఎలీనా ఇవనోవా బృందం చూపించింది. మందు లేకుండా, కేవలం ఆకారంతో. అది చదివిన రోజే నేను ఈ రంగంలోకి రావాలనుకున్నాను. కానీ ల్యాబ్‌లో గాజుపలక మీద గెలిచినది ఒంట్లో గెలవాలని లేదు. ఏ వస్తువు లోపల పెట్టినా నిమిషాల్లో రక్తంలోని ప్రొటీన్లు దాని మీద పూతలా పరుచుకుంటాయి. మేం చేసిన ముళ్ళు, పూతలు ఆ పొర కిందకి వెళ్ళిపోతాయి. నా ప్రయోగాలు ఎక్కువ ఆగిపోయేది కూడా అక్కడే.

మనుషుల మీద చేసిన పెద్ద పరీక్షలు చూస్తే ఈ తేడా తెలుస్తుంది. వెండి పూత ఉన్న యూరిన్ పైపుల మీద ల్యాబ్‌లో మంచి ఫలితాలు వచ్చాయి. బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద పరీక్షిస్తే, 2012లో వచ్చిన ఫలితం ప్రకారం ఇన్ఫెక్షన్ మామూలు పైపుతో 12.6 శాతం, వెండి పైపుతో 12.5 శాతం. డబ్బు తేడా తప్ప ఏమీ లేదు. తుంటి విరిగిన వాళ్ళకి ఇంప్లాంట్‌ని ఎముకకి అతికించే సిమెంటులో యాంటీబయోటిక్ మోతాదు పెంచితే మేలేమో అని దాదాపు 4,900 మంది మీద చూశారు, 2023లో ఫలితం వచ్చింది. నమ్మకంగా చెప్పగలిగేంత తేడా కనపడలేదు. అలాగని అన్నీ ఓడిపోలేదు. పేస్‌మేకర్ లాంటి గుండె పరికరాన్ని యాంటీబయోటిక్ ఉన్న చిన్న జాలీ సంచిలో పెట్టి అమరిస్తే పెద్ద ఇన్ఫెక్షన్లు 1.2 శాతం నుంచి 0.7కి తగ్గాయి. 2019 నాటి ఆ పరీక్షలో దాదాపు ఏడు వేల మంది ఉన్నారు.

కాబట్టి ఎవరైనా కోటింగ్ ఉన్న మోకాలు అని ఎక్కువ డబ్బు చెప్తే ఒక్క మాట అడగండి అక్కా. "ఇది మా అమ్మ లాంటి మొదటిసారి ఆపరేషన్ వాళ్ళకి వేసి చూశారా, ఇన్ఫెక్షన్ ఎంత తగ్గింది?" అని. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు మందులకీ, రానుపోను ఖర్చులకీ ఉంచుకోండి.

బరంపురం సిస్టర్

టీచర్ గారూ, మాది బరంపురం. పదిహేనేళ్ళుగా విశాఖలో నర్సుగా ఉన్నాను. అందులో ఏడేళ్ళు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా. అంటే ఏ రోగికి ఏ పైపు ఉంది, ఎన్ని రోజులుగా ఉంది, ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరు చేతులు కడగకుండా ముట్టుకున్నారు, ఇవన్నీ రాసుకుంటూ వార్డులు తిరగడమే నా ఉద్యోగం. తమ్ముడు చెప్పిన పాచి మాట బాగుంది, రేపటి నుంచి నేనూ అదే వాడతాను.

ముందుగా అమ్మగారికి చెప్పండి, మోకాలు మార్చిన వాళ్ళలో లోపల చీము పట్టేది నూటికి ఒకరిద్దరికి. షుగర్ అదుపులో లేని వాళ్ళకి ఆ అవకాశం పెరుగుతుంది. అందుకే నేను మొదట అడిగేది మోకాలి గురించి కాదు, షుగర్ గురించి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ వారమే చేయించండి. చాలామంది సర్జన్లు అది 8 లోపు ఉండాలని చూస్తారు. ఎక్కువుంటే వాయిదా వేస్తారు. వాయిదా వేశారని బాధపడకండి, తేదీ మార్చుకోవడం మోకాలు తీయించుకోవడం కన్నా చాలా తేలిక. ఆపరేషన్ రోజున, ఆ తర్వాతా షుగర్ 200 దాటకుండా చూస్తారు. అమ్మగారు వేసుకునే మాత్రల చీటీ తప్పకుండా తీసుకెళ్ళండి, ఏది ఎప్పుడు ఆపాలో వాళ్ళు చెప్తారు.

రెండోది పాదాలు. పొలంలో పని చేసిన కాళ్ళు కదా. మడమల పగుళ్ళు, వేళ్ళ సందుల్లో ఒరుపులు, గోరుచుట్టు ఉన్నాయేమో మంచి వెలుతురులో మీరే చూడండి. షుగర్ ఎక్కువ కాలంగా ఉన్న చాలామందికి పాదాల్లో నొప్పి సరిగా తెలియదు, "ఏమీ లేదులే" అంటారు. ఎక్కడ చిన్న పుండు ఉన్నా అది మానాకే ఆపరేషన్. పుచ్చిపోయిన పన్ను ఉన్నా ముందే చూపించండి.

బ్లేడు విషయం. వద్దు. దయచేసి వద్దు. బ్లేడు చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది, రాత్రికి రాత్రే వాటిలో సూక్ష్మజీవులు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో వెంట్రుకలు అసలు తీయొద్దు, తప్పనిసరైతే క్లిప్పర్‌తోనే (చర్మాన్ని గీయకుండా వెంట్రుకలు కత్తిరించే మెషీన్) తీయాలి అని స్పష్టంగా ఉంది. ముందు రోజు, ఆ రోజు పొద్దున సబ్బుతో శుభ్రంగా స్నానం చేయిస్తే చాలు. కొన్నిచోట్ల ముక్కులోంచి దూదిపుల్లతో నమూనా తీసి, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉంటే ఐదు రోజులు ముక్కులో ఆయింట్‌మెంట్, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవుల్ని చంపే మందున్న సబ్బు ఇస్తారు. నెదర్లాండ్స్‌లో అలా చేస్తే ఆ సూక్ష్మజీవి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 3.4కి తగ్గాయని 2010లో వచ్చింది. మీ దగ్గర ఉందా అని అడగండి, అడగడం తప్పు కాదు.

నెల రోజుల యాంటీబయోటిక్ అన్నారే, అది ఎక్కువమందికి ఉన్న అపోహ. కావాల్సింది మొదటి కోతకి ముందు రక్తంలో మందు సిద్ధంగా ఉండడం. 1992లో అమెరికాలో 2,847 మంది రోగుల లెక్క చూశారు. కోతకి ముందు రెండు గంటల లోపు మందు పడిన వాళ్ళలో ఇన్ఫెక్షన్ 0.6 శాతమే. మరీ ముందు వేసినా, కోత పెట్టి మూడు గంటలు దాటాక వేసినా 3 శాతం పైనే. తమ్ముడు చెప్పిన పందెంలో మన వాళ్ళు ముందే గీత దగ్గర నిలబడి ఉండాలన్నమాట. కుట్లు వేశాక రోజుల తరబడి వాడితే అదనంగా మేలు లేదు. మందుకి లొంగని సూక్ష్మజీవులు మిగులుతాయి, పెద్దాయన రాసినట్టు జబ్బు దాక్కుంటుంది. డాక్టరు ఏదైనా కారణంతో రాసిస్తే వాడండి, సొంతంగా పొడిగించొద్దు.

ఆపరేషన్ గదిలో మీరు ఉండరు. అయినా ఒకటి చెప్తాను, ఎందుకంటే దీని గురించి రోజూ గొడవ పడేది నేనే. తలుపు. మనిషి కదిలినప్పుడల్లా ఒంటి మీది చర్మపు పొట్టు, దానితో సూక్ష్మజీవులు గాల్లో లేస్తాయి. ఇంగ్లండ్‌లో తుంటి మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీకి మొదట్లో నూటికి ఏడెనిమిది మందికి చీము పట్టేది. గాలిని వడకట్టి పంపే ఏర్పాటు, ఇంకా కొన్ని జాగ్రత్తలు తెచ్చాక ఒక శాతం లోపుకి దిగింది. 1982లో లిడ్‌వెల్ బృందం ఎనిమిది వేల కీళ్ళ ఆపరేషన్లు లెక్కేసి చూస్తే మామూలు గాలిలో 1.5 శాతం, శుద్ధి చేసిన గాలిలో 0.6 శాతం వచ్చింది. అంత ఖర్చు పెట్టి గాలి శుద్ధి చేశాక, ఫోన్ చార్జర్ కోసం ఎవరో తలుపు తీస్తే నాకు ఏడుపొస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న అతి ముఖ్యమైనది. యూరిన్ పైపు. పెట్టి ఉంచిన ప్రతి రోజుకీ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతూ పోతుంది. ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ ఆ పైపు లోపల కూడా అదే పాచి. నేను వార్డు నర్సుగా ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. విజయనగరం వైపు నుంచి ఒక ముసలాయన, ఆపరేషన్ బాగా అయింది. రెండో రోజే పైపు తీసేయొచ్చు. డ్యూటీ మారినప్పుడు నేను చెప్పలేదు, తర్వాత వచ్చినవాళ్ళు అడగలేదు, పాపం ఆయన కొడుకు ఇది ఉండాల్సిందేనేమో అనుకున్నాడు. ఆరో రోజు వణుకుతో జ్వరం. ఐసీయూలో పదకొండు రోజులు ఉన్నాడు. బతికాడు. ఆ పదకొండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ పనికి నేనే అడిగి మారింది దానివల్లే.

అందుకని రోజూ పొద్దున రౌండ్స్‌లో మీరు ఒక్క ప్రశ్న అడగాలి. "ఈ పైపు ఈ రోజు కూడా కావాలా? చేతికున్న ఈ సూది కావాలా?" అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూల్లో ప్రొనోవోస్ట్ అనే డాక్టరు చేయించింది కొత్త మందు కాదు. చేతులు కడగడం, ఒళ్ళంతా కప్పే గౌను, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, తొడ దగ్గర లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నటి గొట్టం) పెట్టకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఈ ఐదే. ఆ లైన్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు, లైన్ పెట్టి ఉన్న ప్రతి వెయ్యి రోజులకి సగటున 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కి పడిపోయింది. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. మా వార్డు గోడ మీద ఆ ఐదూ తెలుగులో, ఒడియాలో నేనే రాయించాను.

యూరిన్ సంచి ఎప్పుడూ మంచం కంటే కింద వేలాడాలి, నేలని తాకకూడదు, మంచం మీద పెట్టకూడదు. నడిపించేటప్పుడు కూడా నడుము కంటే కిందే పట్టుకోవాలి. ముట్టుకునే ముందు మీ చేతులు, మా చేతులు, డాక్టరు చేతులు, అందరివీ కడగాలి. మేం మర్చిపోతే "సిస్టర్, చేతులు" అనండి. నేనైతే కోపగించుకోను, సంతోషిస్తాను.

ఇంటికొచ్చాక కట్టు మీద పసుపు, ఆకు పసరు, కొబ్బరినూనె ఏదీ వద్దు. ఊరంతా పలకరించడానికి వస్తారు, కూర్చోబెట్టి టీ ఇవ్వండి, కాలు మాత్రం ఎవరికీ విప్పి చూపించొద్దు. ఇక కట్టు తడిస్తే ఏం చేయాలో పెద్దాయన నాకన్నా బాగా చెప్పారు.

వంశధార గట్టు

ముగ్గురికీ చేతులెత్తి దండం. పాచి సంగతి అమ్మకి చెప్పాను. రాత్రి వంటింట్లో కూర్చుని, "అయితే మీ చిన్నాన్న తప్పేం లేదన్నమాట" అంది. ఇన్నాళ్ళూ ఆయన పథ్యం సరిగా చేయక అలా అయిందని మా ఇంట్లో అందరం అనుకున్నాం. నిన్న ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి నేనే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పిన్నిని పిలిచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు.

పరీక్ష చేయించాం. హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది. ఫోన్ చేస్తే డాక్టరు గారు తేదీ వాయిదా వేశారు. షుగర్ మందు మార్చి, మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె పెడుతున్నాను, అమ్మ గొణుగుతూనే తింటోంది.

సిస్టర్ గారూ, మీరు చెప్పారని టార్చ్ వేసి పాదాలు చూశాను. ఎడమ కాలి చిటికెన వేలి సందులో తెల్లగా నానిపోయిన పుండు ఉంది. చీమంత నొప్పి కూడా లేదంటోంది. ఆపరేషన్ కుడి కాలికి కదా, ఎడమ కాలి పుండు కూడా లెక్కలోకి వస్తుందా? పర్లాకిమిడిలో చూపిస్తే సరిపోతుందా?

బరంపురం సిస్టర్

లెక్కలోకి వస్తుందండీ. సూక్ష్మజీవులు రక్తంలో పడితే ఏ కాలి నుంచి వచ్చినా కొత్త మోకాలి దాకా చేరగలవు. పర్లాకిమిడిలో చూపించండి, చాలు. తడి లేకుండా వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టడం మాత్రం రోజూ మీరే చేయాలి. స్నానం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఇంట్లో కూడా చెప్పులు వేయించండి.

మానిన తర్వాత విశాఖ డాక్టరు గారికి కూడా ఆ సంగతి చెప్పండి, మానింది కదా అని వదిలేయకండి. వచ్చే తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి.

వంశధార గట్టు

అలాగే సిస్టర్. ఈ రోజు నుంచే మొదలుపెట్టాం. చెప్పులు వేసుకుని వంటింట్లోకి రానంటోంది. కొత్త జత కొని, ఇవి ఇంట్లోవి మాత్రమే అని గుమ్మం లోపల పెట్టాను.